గడ్డం కొలత

“బొమ్మని ఫ్రీజ్ చెయ్యి ప్రేమ్! బిడ్డ మళ్ళీ మొహం తిప్పేసుకునేలోగా కొలువు.”

రాజమండ్రిలోని ఆ స్కానింగ్ గదిలో డాక్టర్ దీవెన మాటంటే మాటే. శిష్యుడు ప్రేమ్ కుమార్ పొట్టమీద ఆనించిన ప్రోబు కదపకుండా పట్టుకుని తెరమీద గీతలు గీశాడు. బిడ్డ కింది దవడ వెనక్కి పోయినట్టుంది. ఉండాల్సినదానికన్నా బాగా చిన్నది.

“నేనే వంకరగా పట్టానేమోనండి.”

“అయితే మళ్ళీ కొలువు. పక్కనుంచి నుదురు, ముక్కు, గడ్డం ఒకేసారి కనపడాలి.”

మళ్ళీ కొలిచాడు. అదే కొలత.

పక్కనే నిలబడ్డ పాపాయమ్మకి మాత్రం సంబరమే సంబరం. కాబోయే నాయనమ్మ మరి! మన గోదావరి వాళ్ళకి బిడ్డ భూమ్మీద పడకముందే పోలికలు తేలిపోవాలి కదా.

“అచ్చం మా ఆయనే! మా ఇంట్లో అందరికీ గడ్డం పొట్టే డాక్టరమ్మా. ఏం భయం లేదు. పురుడు మా పాలకొల్లులోనే.”

“ఇది పోలిక కాదండి. దవడ ఇంత చిన్నదైతే పుట్టగానే నాలుక వెనక్కి జారి గొంతుకి అడ్డం పడుతుంది. ఊపిరాడదు. కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళాల్సిందే. పిల్లల డాక్టర్లు పక్కనే సిద్ధంగా ఉండాలి.”

“మా ఇంటి పురుళ్ళన్నీ మా ఊళ్ళోనేనమ్మా! నలుగురూ ముక్కున వేలేసుకోరూ?”

“వేసుకోనివ్వండి. బిడ్డ బతకాలా, మీ ఆనవాయితీ బతకాలా?”

పాపాయమ్మ గొణుక్కుంటూనే కాకినాడకి సరేనంది.

నెలలు నిండాయి. కాకినాడలో ఆపరేషన్ చేసి బిడ్డను బయటికి తీశారు. ఏడుపు లేదు. ఒళ్ళంతా నీలం.

“బోర్లా తిప్పండి! నాలుక ముందుకొస్తుంది!” దీవెన గొంతు చించుకుని అరిచింది.

“తిప్పుతున్నాం మేడమ్, మీరు కంగారుపడకండి,” అన్నాడు పిల్లల డాక్టరు పల్లంరాజు. సిద్ధంగా ఉంచుకున్న సన్నటి గొట్టాన్ని ముక్కులోంచి గొంతులోకి దించాడు.

అంతే! బిడ్డ ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకుని గుక్కపట్టి ఏడ్చింది. థియేటరంతా చప్పట్లు. దీవెన పట్టలేని ఆనందంతో వెక్కి వెక్కి ఏడ్చింది. గెలిచాం, గెలిచాం అంటూ, కూడా వచ్చిన ప్రేమ్ కుమార్ గంతులేశాడు. బయట పాపాయమ్మ, “కాకినాడే తీసుకెళ్దామని ముందు అన్నది నేనేనండీ!” అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంటోంది.

పల్లంరాజు నవ్వుతూ బిడ్డను తీసుకెళ్ళి, ఆపరేషన్ బల్లమీద పడుకున్న తల్లి చెంపకు ఆనించాడు.

ఆ తల్లి డాక్టర్ దీవెనే.