మూత ఎత్తి చూడండి

"సార్, ఈ సెట్టు అమ్మకండి," అన్నాడు, దాన్ని కొనడానికి ఇంటికి వచ్చిన మనిషి.

కళ్ళజోళ్ళ షాపాయన అతన్ని ఎగాదిగా చూశాడు. డెబ్భై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, భుజాన గుడ్డసంచి.

అమ్మకానికి ఉన్నది పాత రికార్డు ప్లేయరు, ఇద్దరు పడితే గానీ లేవని ఆంప్లిఫయరు, నడుమెత్తు స్పీకర్లు రెండు. ముచ్చటపడి సెకండ్ హ్యాండులో కొన్నాడు. మొదట్లో ఇల్లు మోగిపోయింది. పోయిన నెల ఇంటికి రంగులు వేయించి, సెట్టు మళ్ళీ తనే బిగించాక పాట డొల్లగా తయారైంది.

"బావా, నీ ఇనప్పెట్టెల కన్నా నా డబ్బా నయం," అని బావమరిది అరచేతిలో పట్టే కొత్త స్పీకరు మోగించి పదిమందిలో పరువు తీశాడు. ఆ రోజే అనుకున్నాడు, దీన్ని వదిలించుకుని అలాంటిదే కొనాలని.

"అమ్మొద్దా? మరి తమరు దేనికి దయచేసినట్టు?"

"కొందామనే వచ్చాను. ఇంట్లో ప్లేయరు పాడై పదకొండేళ్ళయింది. నా దగ్గర ఒక్కటే రికార్డు ఉంది. అది వినాలని..."

"ఒక్క రికార్డుకి ఇంత సెట్టా! చెంచాడు పాలకి బర్రెను కొన్నట్టుంది."

ముసలాయన నవ్వాడు. ప్లేయరు మీద తిరుగుతున్న పాటకు చెవి ఒగ్గాడు.

"వినండి. పాడే ఆవిడ ఎక్కడుంది?"

"రికార్డులో ఉంది."

"కాదు సార్. రికార్డింగు స్టూడియోలో పనిచేసినవాణ్ణి, చెబుతున్నాను. రెండు స్పీకర్ల మధ్య, మనకు ఎదురుగా నిలబడి పాడాలి. ఆవిడ గొంతు గదంతా చెదిరిపోయింది. ఒక స్పీకరుకి ఎర్రవైరూ నల్లవైరూ తారుమారయ్యాయి. అది సరిచేస్తే బంగారం. అందుకే అమ్మొద్దన్నాను."

షాపాయన లోలోపలే నవ్వుకున్నాడు. ఇరవై ఏళ్ళ వ్యాపారం. వంకలు పెట్టేవాడే కొనేవాడని అతనికి తెలియదా?

"ఈ వేషాలు నా దగ్గర కాదు. పైసా తగ్గేది లేదు."

"తగ్గించమనలేదు బాబూ. కాసిని మంచినీళ్ళు ఇస్తారా?"

షాపాయన సూది ఎత్తి పాట ఆపి వంటగదిలోకి వెళ్ళాడు.

తిరిగి వచ్చేసరికి ముసలాయన కుడి స్పీకరు వెనక నుంచి లేస్తున్నాడు. మోకాళ్ళ దుమ్ము దులుపుకుంటున్నాడు.

ప్లేయరు మూత దించి ఉంది. తను తెరిచే వెళ్ళాడు. పొగరంగు మూత, లోపల ఏముందో కనబడదు.

గుడ్డసంచిలోంచి పలచటి అంచు ఒకటి పైకి పొడుచుకు వచ్చింది. ఇందాక అది ఉందో లేదో గుర్తులేదు. లేదనే అనిపించింది.

"ఏంటది?"

"అది నా..."

షాపాయన సంచి లాక్కున్నాడు. ఖాకీ కాగితపు కవరు. జానెడు బయటికి లాగాడు. నల్లగా నిగనిగలాడుతూ రికార్డు.

"నీళ్ళ వంకతో నన్ను లోపలికి పంపి, నా రికార్డే కొట్టేస్తావా?"

"మూత ఎత్తి చూడండి బాబూ. మీది అందులోనే ఉంది."

"సెట్టు కొనడానికి వచ్చేవాడు రికార్డు వెంటబెట్టుకుని తిరుగుతాడా? ఎత్తుతాను, పోలీసుల ముందే ఎత్తుతాను!"

కేకలకు పక్క ఫ్లాటు వాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. "చూస్తే పెద్దమనిషిలా ఉన్నాడే!" అంది ఒకావిడ. ముసలాయన ముఖం వాడిపోయింది. అయినా కళ్ళు రికార్డు మీదే ఉన్నాయి.

"అంచులు పట్టుకోండి. వేళ్ళు తగిలితే మరకలు పడతాయి."

షాపాయన అతని భుజం పట్టి బయటికి నెట్టి తలుపు వేశాడు.

కాలింగ్ బెల్ ఒక్కసారి మోగింది. తీయలేదు. మళ్ళీ మోగలేదు.

అరగంటకు భార్య కూరగాయలతో వచ్చింది.

"ఆ పెద్దాయన వచ్చారా? బాగుందన్నారా?"

"బాగుండకేం! చంకలో పెట్టుకుని పోబోయాడు, నేను గనక పట్టుకున్నాను."

కథంతా విని ఆవిడ కూరల సంచి కింద పెట్టేసింది.

"అయ్యో రామా! పొద్దున ఫోన్లో అడిగారండీ, నా రికార్డు తెచ్చుకుని విని చూడొచ్చా అని. తెచ్చుకోండి అన్నాను. మీకు చెప్పడం మరిచాను."

షాపాయన మూత ఎత్తాడు.

తన రికార్డు తన చోటే ఉంది.

మెట్లన్నీ దూకుతూ వీధిలోకి పరిగెత్తాడు. బస్టాపులో ఎవరూ లేరు. రొప్పుతూ వచ్చి భార్య ఫోన్లోంచి ఆ నంబరు నొక్కాడు.

సోఫా మీద గుడ్డసంచి మోగింది.

ఆవిడ కూరల సంచి తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

అప్పుడు తట్టింది షాపాయనకు. ముసలాయన వైర్ల సంగతి చెప్పకుండా నోరు మూసుకుని ఉంటే, ఇంకో రెండు వారాలకు తనే కాళ్ళు పట్టుకుని సగానికి ఇచ్చేవాడు.

కవరులోంచి రికార్డు తీశాడు. ఈసారి అంచులు పట్టుకున్నాడు. తెల్ల లేబులు మీద అచ్చు అక్షరాలు లేవు, కొట్లో కొన్నది కాదు. వెలిసిపోయిన సిరా, రెండే మాటలు: 'ఒకే ప్రతి.'

సూది దించాడు.

కాసేపు చిటపటలు. తర్వాత ఏడెనిమిదేళ్ళ పిల్ల గొంతు. గదిలో చెదరలేదు. రెండు స్పీకర్ల మధ్య, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో వచ్చి నిలబడింది. పెద్దాయన వైర్లు సరిచేసి వెళ్ళాడు. సరిచేసి, వినకుండా వెళ్ళాడు.

"నాన్నా, నేనెక్కడ నిలబడాలి?"

ఇందాక మూత ఎత్తమని బతిమాలిన గొంతే, ఇంకా ముసలితనం తాకకముందు, నవ్వుతూ జవాబిచ్చింది: "రెండు మైకులకీ సరిగ్గా మధ్యలో, తల్లీ. అప్పుడే నాన్న ఎప్పుడు విన్నా నువ్వు ఎదురుగా ఉంటావు."