నమిలిపెట్టిన మేత

ముసలి ఏనుగు నీలమ్మకు పళ్లన్నీ అరిగిపోయాయి. కూతురు గున్నమ్మే వెదురాకు మెత్తగా నమిలి తల్లి నోట్లో పెట్టేది.

"మడుగులో లేత తుంగ ఉంది. పళ్లరిగిన ముసలోళ్లంతా అక్కడే ఉంటున్నారు. మీ అమ్మనీ పంపరాదూ?" అన్నాయి మందలో ఏనుగులు.

"అమ్మను వదిలించుకున్నానని మీరే ఆడిపోసుకుంటారు!" గున్నమ్మ కస్సుమంది.

"నన్నడగరేమే? నేను మడుగుకే పోతా" అంది నీలమ్మ.

గున్నమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "నేనేం తక్కువ చేశానమ్మా?"

"తక్కువేం లేదే పిచ్చిదానా. పొద్దస్తమానం నా మేత నమలడానికే సరిపోయె నీ నోరు. నాతో మాట్లాడి ఎన్నాళ్లయింది?"

మర్నాడు నీలమ్మ మడుగు చేరింది. సాయంత్రం మంద నీళ్లకొచ్చింది. అందరూ తాగి వెళ్లిపోయినా తల్లీకూతుళ్ల కబుర్లు తెగలేదు.