పచ్చిమిరప చిరునామా

“ఆ పచ్చిమిరప ఎవడో ఇవాళ తేలిపోవాలి! వాడైనా ఉండాలి, నా బ్లాగైనా ఉండాలి!” ఫోన్లో మేనల్లుడి మీద విరుచుకుపడ్డాడు రిటైరైన హెడ్మాస్టరు.

‘అన్యోన్య దాంపత్యం’ అనే ఆయన బ్లాగుకు ముప్పైఏడుగురు పాఠకులు. ఈమధ్య వాళ్ళు ఆయన రాసింది వదిలేసి, కింద ‘పచ్చిమిరప’ పేరుతో పడే వ్యాఖ్యలు చదువుకుని నవ్వుకుంటున్నారు. ఈ పొద్దున ‘భార్య మనసెరగడం ఎలా?’ అని రాశాడో లేదో, వ్యాఖ్య వచ్చి పడింది: “వాళ్ళావిడకి నొప్పి ఏ మోకాలికో అడగండి ఈయన్ని!”

కుడికా? ఎడమకా? ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. అసలు మంట అదీ.

“ఈ బ్లాగు నడిపే సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఫిర్యాదు చెయ్యరా!”

“ఎవరికని చెయ్యను మామయ్యా? ఆ సాఫ్ట్‌వేరు ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి ఊరికే ఇచ్చింది. అందరిదీనూ, ఏ ఒక్కరిదీ కాదు.”

“వ్యాఖ్యలు చెరిపీ చెరిపీ నా వేళ్ళు అరిగాయి. నావల్ల కాదింక.”

“అయితే వ్యాఖ్య పక్కన, అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే నంబరుంటుంది. దాన్ని నిషేధం జాబితాలో వెయ్యండి. ఇక ఆ గుమ్మం తొక్కలేడు.”

హెడ్మాస్టరు కళ్ళజోడు సవరించుకుని, ఒక్కో అంకే కూడబలుక్కుంటూ ఎక్కించాడు. ఆయన అనుమానమంతా పాత డ్రాయింగు మాస్టారి మీద. “ఇక ఏడువు నాయనా,” అంటూ మీట నొక్కాడు.

తెర మీద ఒకే వాక్యం మిగిలింది: ‘మీకు ప్రవేశం లేదు.’

“ఒరేయ్! పన్నెండేళ్ళ రాతలురా! నన్నే బయటికి గెంటేసింది!” ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. ఏ మీట నొక్కినా అదే వాక్యం.

అవతల మేనల్లుడు తన కంప్యూటర్లో ఆ జాబితా తెరిచి చూశాడు. “మామయ్యా, ఆ నంబరు మనిషికి కాదు, ఇంటికుంటుంది. ఒకే వై-ఫై మీద ఎన్ని ఫోన్లున్నా నంబరు ఒక్కటే. మీరు నిషేధించింది మీ ఇంటినే.”

“నా ఇంటి నంబరు వాడికెలా దొరికిందిరా?”

“మీ ఇంట్లో ఎవరెవరుంటారు మామయ్యా?”

“నేనూ, మీ అత్తయ్యా. దానికి పాపం బ్లాగంటే ఏమిటో కూడా తెలీదు.”

అంతలో వంటింట్లోంచి ఎడమకాలు ఈడ్చుకుంటూ, చేతిలో ఫోనుతో వచ్చిందావిడ.

“ఏమండీ, ఇంకో ముక్క రాద్దామంటే మీ బ్లాగు తెరుచుకోవట్లేదేంటి?”