నూతి నీళ్ల తొట్టి

అంబాజీపేట అవతల కాలువలో రసాయనాల ట్యాంకరు బోల్తాపడి నెలయింది. విషం ఇంకా ఉందో పోయిందో తేల్చడానికి వచ్చిన మాధవీలత, కాలువ నీళ్లు ఆపి వదిలే లాకు పక్క గదిలో రెండు తొట్లు పెట్టి చేపపిల్లల్ని వదిలింది. ఒకదాంట్లో కాలువ నీళ్లు. పోల్చి చూడ్డానికి రెండోదాంట్లో ఊరంతా తాగే నూతి నీళ్లు.

“మా నూతి నీళ్లకి వంక పెట్టలేరండి, ఆయ్!” అన్నాడు లాకు కాపలాదారు రాఘవులు.

రాత్రి కరెంటు పోయింది. చీకట్లో చేపపిల్లల చప్పుడు వింటూ కూర్చుంది మాధవీలత. తెల్లవారుజామున ఒక తొట్టి మూగబోయింది. కాలువ నీళ్లదే అనుకుని లాంతరు ఎత్తింది.

కాలువ నీళ్లలో చేపలు హాయిగా ఈదుతున్నాయి. నూతి నీళ్లలో చేపలన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి.

అంతలో బయట నూతి గిలక కిర్రుమంది.

“తోడకండి!” అని అరుస్తూ పరుగెత్తింది. గుమ్మం దగ్గర పడుకున్న రాఘవులు లేచి ఆమె వెనకే వచ్చాడు. నూతి దగ్గర ఎవరూ లేరు. గిలక తనంతట తాను తిరుగుతోంది. చేద తాడు విప్పి, చుట్ట చుట్టి, గట్టు మీద పెట్టి ఉంది.

“మీరు విప్పారా?”

“లేదండి. మీ వెనకాలే వచ్చేను కదండీ.”

వీధి మలుపులో బిందెల చప్పుడు వినబడింది. మాధవీలతకు ఎందుకో భయం పోయింది. ఈ ఊరిని కాయాలనుకున్నది తనొక్కతే కాదు. తాడు చంకన పెట్టుకుని నూతికి అడ్డంగా నిలబడింది.