ఉప్పు చూడని కూర

"ఉప్పు చూసావా?" అన్నాడు మేనేజరు వరహాలరావు, కూరగిన్నె మూత తీస్తూ.

"నేదండి" అంది సోని.

"అయితే చూడు."

సోని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అరకు హోటల్లో వంట ఉద్యోగానికి రమ్మంటున్నారని ఎస్టీడీ బూతుకి కబురొస్తే ఎగిరి గంతేసి వచ్చింది గానీ, పరీక్షకి మామిడికాయ కోడికూర వండమంటారని కలగన్నదా? వండడానికేం, బ్రహ్మాండంగా వండింది. వాసనకి గిన్నెలు తోమే ఆడవాళ్ళు కూడా తొంగిచూసి వెళ్ళారు. నోట్లో పెట్టుకోవడమే కుదరదు.

"నాను తిననండి. మా ఊళ్ళో మావిడి కొత్త ఇంకా అవనేదు."

"కొత్తేటి?"

"పండగండి. కొత్తకాయ ముందు ఊరిదేవతకి ఎట్టాల. అప్పుడే మేం నోట ఎట్టాల. ఈలోగా తింటే ఊరికి మంచిది కాదు."

"మరి వండొచ్చేటి?"

"వండితే తప్పు నేదండి. తింటేనే."

వరహాలరావు నవ్వాడు. చెడ్డవాడేం కాదు, ఆకలి మీదున్నాడు. ఓ ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. తెరిచి ఇంకో ముక్క వేసుకున్నాడు. సోనికి ప్రాణం లేచొచ్చింది.

"కూర బాగుంది. కానీ వండింది తను తినని మనిషిని వంటింట్లో ఎలా పెట్టుకోనమ్మా? రేపు ఉప్పెక్కువైతే టూరిస్టులు మీ పండగ దాకా ఆగుతారా? మా వంట మాస్టర్ని చూడు. ఆయన రుచి చూడకుండా ఒక్క గిన్నె బయటికి రాదు. నాకు పెట్టేది కూడా ఆ తర్వాతే. అంతెందుకు, ఒక్క చెంచా తిను. ఈ పూటే పనిలో చేరిపో."

సోనికి ఏమీ పాలుపోలేదు. ఒక్క చెంచానే కదా. ఎవరు చూడొచ్చారు? ఊరెక్కడో కొండ వెనకాల ఉంది. ఎవరూ చూడకపోయినా తనకి తెలుస్తుందే, రేపు అమ్మ ముఖం ఎలా చూడడం? తినకపోతే ఉద్యోగం పోతుంది. తింటే ఇంకేం పోతుందో తెలీదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెంచా ముంచి పెదాల దాకా తెచ్చింది. కింద పెట్టేసింది.

"నాను తిననేనండి" అంది ఏడుపు గొంతుతో.

అంతసేపూ మూల నిలబడి ఉన్న మాస్టరు అప్పుడు కదిలాడు. తెల్లటోపీ, గంజి పెట్టిన కోటు, నోరు తెరిస్తే రేడియోలో వార్తల్లాంటి మాట. పట్నం హోటళ్ళలో ఆరితేరి వచ్చాడని చెప్పుకుంటారు. సోని ఆయన వైపు చూడ్డానికే జంకింది. ఆయన గిన్నె మీదికి వంగి వాసన పీల్చాడు. ముక్క ఉడికిందో లేదో వేలితో నొక్కి చూశాడు. చెయ్యి కడుక్కుని, "రేపటి నుంచి రమ్మనండి" అన్నాడు.

సోనికి ఏమీ అర్థం కాలేదు. వరహాలరావుకి అంతకన్నా అర్థం కాలేదు.

"అదేటి మాస్టారూ, మీరు రుచి చూడనేలేదు?"

మాస్టరు గిన్నెను మేనేజరు వైపు జరిపాడు.

"ఏటేటా ఈ రోజుల్లో మావిడికాయ కూరలన్నీ ముందు మీకే కదండీ ఎడతన్నాను? మా ఊరు ముంచింగిపుట్టులోనూ కొత్త ఇంకా అవనేదు."