ఆయన మెచ్చిన నురగ

మా ఆయన తద్దినం రోజున మా అబ్బాయి ఖాంగ్, పటం ముందు తను వండిన పళ్లెం పెట్టి, రెండు నాణేలు విసిరాడు. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే ఆయన మెచ్చినట్టు. అలాగే పడ్డాయి.

సైగాన్‌లో వాడి రెస్టారెంటు తెరిచేది రేపే. చేపల పులుసుని నురగ చేసి, పైన చీజ్ తురిమాడు. జనం పళ్లాలు తిప్పి పంపుతారేమోనని నాకు ఒకటే దడ.

"ఆ నురగ అసలు ఆయన కంటికి ఆనిందంటావా?" అన్నాను.

"చూశావుగా, బాగుందన్నాడు."

"బతికున్నప్పుడూ అంతే. నువ్వు మాడ్చిన చేపని ముళ్లతో సహా మింగి బాగుందన్నాడు."

వాడు నవ్వలేదు. చెంచా నా చేతికిచ్చాడు. "అందుకే నిన్ను రమ్మన్నానమ్మా. నువ్వు చెప్పు."

పళ్లెం నా ముందుకు జరిపి, నా మొహంలోకే ఆశగా చూస్తున్నాడు. ఆయన అన్నేళ్లూ ఎందుకు అబద్ధమాడాడో అప్పుడు తెలిసింది.

తిన్నాను.

"చీజ్ తీసెయ్యరా. పులుపు చాల్లేదు."