అందరికీ నచ్చిన వ్యాసం

పేటలోని గ్రంథాలయాన్ని సోమవారం కూల్చేస్తారని తెలిసి, అది కూడదని వకుళాదేవి పత్రికలో ఘాటైన వ్యాసం రాసింది. మర్నాడు పొద్దున్నే కార్పొరేటర్ యాదగిరి ఎదురొచ్చి దండం పెట్టాడు.

"మస్తు రాసిన్రు మేడమ్! కూలగొట్టుడే మంచిదని మంచిగ చెప్పిన్రు."

అతని ఫోన్‌లో ఆమె పేరు కిందే ఆ మాట ఉంది. చదివేవారి అభిప్రాయాన్ని బట్టి పత్రికే వ్యాసాన్ని మార్చి చూపించే రోజులవి. అందువల్ల ఆమెను ఒక్కరైనా తిట్టి పదకొండేళ్లయింది.

విసుగెత్తిన వకుళాదేవి వ్యాసమంతా చేత్తో రాసి, గ్రంథాలయం గోడకు మైదాపిండితో అంటించింది.

సాయంత్రానికి యాదగిరి రొప్పుతూ ఇంటికొచ్చాడు.

"గిదేంది మేడమ్? నన్ను గిట్ల తిట్టిన్రు?"

"మొత్తం చదివావా?"

"రెండుసార్లు చదివిన! అన్నీ తప్పులే!"

ఆమె సంతోషంగా కుర్చీ జరిపింది. "కూర్చో యాదగిరీ. మొదటి తప్పేమిటో చెప్పు."